నట్టు మీద బొట్టు

మా కారు ముందు ఎడమ చక్రం మీద ఐదు బొట్లు మాయమైన సంగతి మంగళవారం సాయంత్రం కనిపెట్టాను. లోకంలో పెద్ద పెద్ద నేరాలన్నీ మరక ఉండటం వల్ల బయటపడతాయి. ఇది మరక లేకపోవడం వల్ల బయటపడింది.

అసలా బొట్లు అక్కడికి ఎలా వచ్చాయో ముందు చెప్పాలి.

మేముండేది మెల్బోర్న్ చివర క్లైడ్ నార్త్‌లో. ఇక్కడ ఇళ్ళన్నీ ఒకే రేకులో ఉడికిన ఇడ్లీల్లా ఉంటాయి. కొత్తలో ఒకరోజు పక్కింటి తాళంతో పది నిమిషాలు కుస్తీ పట్టాను. లోపలివాళ్ళు తలుపు తీసి కాఫీ ఇచ్చి పంపారు. ప్రతి ఇంటికీ రెండు కార్లు పట్టే గరాజ్ ఉంటుంది. మిగతావాళ్ళు అందులో కారు పెట్టుకుంటారు. నేను కారుని విప్పుకుంటాను. పదహారేళ్ళ తెల్ల సెడాన్. జపాను వాళ్ళు ఒకసారి చేశారు, నేను మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను.

పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని బతికే ఉద్యోగం నాది. అందులో చెడింది కంటికి కనపడదు, బాగైందీ కనపడదు. కారు అలా కాదు. చెడితే చప్పుడు చేస్తుంది, బాగుచేస్తే రక్తం తీస్తుంది. నా రెండు చేతుల మీది మచ్చలన్నీ ఒకచోట చేరిస్తే ఆస్ట్రేలియా పటం తయారవుతుంది. కింద టాస్మేనియా దీవి కూడా విడిగా ఉంది. అది రేడియేటర్ గొట్టం చల్లారిందో లేదో ముట్టుకుని చూసిన రోజుది. ఆయిల్ మార్చినప్పుడు మోచెయ్యి, బ్యాటరీ మార్చినప్పుడు కాలి బొటనవేలు, ఎయిర్ ఫిల్టర్ మార్చినప్పుడు నుదురు. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే ఎవరికీ దెబ్బ తగలదని వీడియోల్లో చెప్తారు. వాళ్ళు నాలా మనసు పెట్టి చెయ్యరు.

మెకానిక్‌కి ఇవ్వొచ్చుగా అని అందరూ అడుగుతారు. నాకు నమ్మకం లేదు. ముఖం నిండా నవ్వుకుంటూ "నో వర్రీస్" అనే మనిషిని ఎలా నమ్మడం? వర్రీ లేకపోతే అతని దగ్గరికి ఎందుకెళ్తాను?

ఈ జూలైలో, చలికి స్పానర్లు వేళ్ళకు అతుక్కుపోతున్న రోజుల్లో, బానెట్ నా చేతి బొటనవేలి మీద పడింది. ఆసుపత్రి ఎమర్జెన్సీలో నా వంతు వచ్చేసరికి పాత గోరు ఊడి కొత్తది సగం మొలిచింది. అంతటితో ఆగలేదు. నేను బిగించిన బానెట్ గొళ్ళెం సరిగ్గా పట్టక, చివరికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. అతను రెండు నిమిషాల్లో సరిచేసి, నా వేలి కట్టు చూసి నవ్వాపుకున్నాడు. ఆపుకోవడం నేను చూశాను.

ఆ సాయంత్రం మా ఆవిడ పంచాయితీ పెట్టింది. పెద్దమనిషిగా ఎదురింటి అంకుల్ని పిలిచింది. ఆయన నలభై ఏళ్ళ క్రితం ఈ దేశం వచ్చి, డాక్టరుగా పనిచేసి, రిటైరై, ఇప్పుడు నా ఒక్కడికే వైద్యం చేస్తున్నారు.

"ఏవండీ, నేను అరవను. ఒకటే మాట," అంది. అరవను అన్న తర్వాత మా ఆవిడ చెప్పే మాటకి అప్పీలు ఉండదు.

"చెప్పు."

"ఇంకొక్కసారి మీరు చేసిన పని మీద మెకానిక్ చెయ్యి పడిందనుకోండి, ఆ టూల్స్ అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేస్తా. ఎవరు ముందొస్తే వాళ్ళకి. ఫ్రీగా."

"ఫ్రీగానా!"

"అంకుల్ విట్‌నెస్."

అంకుల్ నా వేలి కట్టు విప్పుతూ, "ఫెయిరే కదయ్యా," అన్నారు. పెద్దమనుషులు ఎప్పుడూ వంటిల్లు ఎటుందో అటే తీర్పు చెప్తారు.

తర్వాత దసరా వచ్చింది. ఈ దేశంలో మన పండుగ ఏ వారం వచ్చినా శనివారమే వస్తుంది. మా ఆయుధపూజ కూడా శనివారం పెట్టుకున్నాం. పూజకి కూర్చోబోయే కారు కొత్త బ్రేక్ ప్యాడ్లతో కూర్చుంటే దానికీ మర్యాద, నాకూ పుణ్యం అనిపించి, పొద్దున్నే మొదలుపెట్టాను. కుడి చక్రం తొమ్మిదిన్నరకి పూర్తి. ఎడమది కొంచెం మొండికేసింది. ప్యాడ్లు పడేసరికి పదకొండు. చక్రం ఎక్కించి, నట్లు ఒక్కొక్కటీ వేళ్ళతో తిప్పి ఎక్కిస్తుంటే లోపల్నించి కేక.

"ఏవండీ! ఇంకో పావుగంటలో వర్జ్యం. సామాన్లు తెస్తారా, దేవుణ్ణే గరాజ్‌లోకి రమ్మంటారా?"

దేవుడొస్తే కూర్చోవడానికి గరాజ్‌లో చోటు లేదు. జాకీ దించేసి, ఉన్న ఇనుమంతా ఎత్తుకుని పరిగెత్తాను. స్పానర్లు, సుత్తి, రెంచి, జాకీ, వాటి పక్కన మా ఆవిడ ల్యాప్‌టాప్, మిక్సీ. అన్నిటికీ పసుపు, కుంకుమ, పువ్వు. పీట మీద కూర్చున్న పనిముట్టు ఆ రోజు పనిచెయ్యకూడదు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా దానికి సెలవు. మా ఇంట్లో ఈ నియమానికి మినహాయింపు లేదు, ఆకలేస్తున్నా సరే మిక్సీ ముట్టుకోరు.

తర్వాత భరిణె పట్టుకుని కారు దగ్గరికి వచ్చాం. బానెట్‌కి స్వస్తిక్, స్టీరింగ్‌కి గంధం. నాలుగు చక్రాలకీ చక్రానికి ఐదు చొప్పున ఇరవై నట్లు. ఒక్కొక్క నట్టుకీ నేనే స్వయంగా, అక్షరాభ్యాసం చేసే పిల్లాడి నుదుటికి పెట్టినంత జాగ్రత్తగా బొట్టు పెట్టాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి గజం ముందుకి జరిపితే నాలుగూ ఒకేసారి చిట్లాయి. శుభం. ఆదివారం వాన. సోమవారం నాకు వరస మీటింగులు. మా ఆవిడ కారేసుకుని బెర్విక్ స్టేషన్‌కి వెళ్ళి, రైలెక్కి సిటీలో తన బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళింది. మంగళవారం సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోస్తూ కారు కేసి చూశాను.

పదిహేను బొట్లున్నాయి. ఐదు లేవు.

వానకి పోయాయందామా? కారు ఆదివారమంతా గరాజ్‌లోనే ఉంది. ఒకవేళ తడిసినా, వాన ఒక చక్రాన్నే వెతుక్కుని కడుగుతుందా? పైగా మిగతా నట్ల మీద కుంకుమ ఎండి గట్టిపడి ఉంది. ఈ ఐదింటి మీద తుడిచినట్టు గీతలు. నేను రెంచి తెచ్చి ఒకదాన్ని కదిపి చూశాను. కదల్లేదు. కాలు పెట్టి నొక్కాను. నా నడుము కదిలింది గానీ నట్టు కదల్లేదు. నా బిగింపు నాకు తెలుసు. ఇది నాది కాదు.

ఎవరో ఈ చక్రం మీద చెయ్యి వేశారు. మా ఆవిడ దారిలో మెకానిక్ దగ్గర ఆపిందా? ఆపితే పంచాయితీ తీర్పు ప్రకారం నా పెట్టె, నా జాకీ, ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న స్పానర్లు, అన్నీ ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఫ్రీగా పట్టుకుపోతాడు. అడుగుదామంటే భయం. అడక్కపోతే నిద్ర పట్టదు. అనుమానమున్న మనిషికి ఇల్లు కూడా పోలీస్ స్టేషన్‌లా కనపడుతుంది. అందులో పోలీసూ నేనే, దొంగా నేనే.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ పెరుగు వడ్డిస్తుంటే కుడిచేతి మధ్యవేలి కణుపు మీద బ్యాండ్-ఎయిడ్ కనపడింది.

"ఏమైంది?"

"కొబ్బరి కోరుతుంటే గీసుకుంది."

నేను అన్నం ముద్ద పళ్ళెంలోనే ఆపేశాను. గాయాల శాస్త్రంలో నాకు డాక్టరేట్ ఇవ్వాలి. ఇచ్చేవాళ్ళు లేక ఊరుకున్నాను. కోరాముకి తగిలితే వేలి చివర గీసుకుంటుంది. కణుపు మీద తోలు లేచిందంటే బిగుసుకున్నదాన్ని గట్టిగా తిప్పుతుంటే చెయ్యి జారిందన్నమాట. ఆ పూట కూరలో కొబ్బరి లేదు, పచ్చట్లో లేదు. మంచినీళ్ళ వంకన లేచి ఫ్రిజ్ తెరిచాను. పూజలో కొట్టిన కొబ్బరి చిప్పలు రెండూ గోటిగాటు లేకుండా, ఏ పాపం ఎరగనట్టు కూర్చుని ఉన్నాయి.

అన్నిటికంటే ఘోరం, ఆ బ్యాండ్-ఎయిడ్ మీద కోలా జంతువు బొమ్మ ఉంది. మా ఇంట్లో బొమ్మలవి లేవు. కోలాలు ఎదురింటి అంకుల్ దగ్గరుంటాయి. మనవల కోసం కొన్నారు. మనవలు పెద్దవాళ్ళైపోయారు, మిగిలినవన్నీ నాకే వేస్తుంటారు.

"అంకుల్ వాళ్ళింటికి వెళ్ళావా?"

"గోంగూర ఇచ్చొచ్చా. ఏం, వెళ్ళకూడదా?"

వెళ్ళొచ్చు. తెలుగువాళ్ళం కదా, కుట్రలన్నీ గోంగూర కింద దాస్తాం.

బుధవారం పొద్దున ఎవరూ చూడకుండా ఆ ఐదు నట్లకీ మళ్ళీ బొట్లు పెట్టాను. ఇది భక్తి కాదు, ఉచ్చు. గురువారం మా ఆవిడ ఇంటినుంచే పనిచేస్తుంటే, పాలు తెస్తానని కారు తీసి తిన్నగా మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. అదే మనిషి, అదే నవ్వు. అతని ఇంగ్లీషుని నా తెలుగులోకి దించుతున్నాను.

"వేలెలా ఉంది, మేట్?"

"వేలు సంగతి వదిలెయ్. సోమవారం ఈ కారు ఇక్కడికొచ్చిందా?"

"లేదే."

"నిజం చెప్పు. తెలుగావిడ. గళ్ళ కోటు. నాకు చెప్పొద్దని కూడా అని ఉంటుంది."

"మేట్, నీ కారు వస్తే నేను మర్చిపోను. మా షెడ్డులో ఎవరూ మర్చిపోరు." అలా అంటూనే వంగి చక్రం చూశాడు. "ఈ ఎర్ర రంగేంటి?"

"అది మా మతం. నువ్వు నట్టు చూడు."

చూశాడు. వేలితో అంచు తడిమాడు. "మేం గాలితో తిరిగే గన్ పెడతాం. గన్ పెడితే అంచులు నలుగుతాయి. ఇది చేత్తో చేసిన పని. నిదానంగా, పద్ధతి తెలిసినవాళ్ళు చేశారు." లేచి నా వేలూ మచ్చలూ మరోసారి చూసి అడిగాడు, "నువ్వు కాదు కదా?"

"కాదు."

"అనుకున్నా. నో వర్రీస్."

అతను అబద్ధం చెప్తున్నాడనడానికి ఒక్క ఆధారం దొరకలేదు. అదే నాకు అన్నిటికంటే అనుమానంగా ఉంది. అతను కాకపోతే ఎవరు? పాలు మర్చిపోయి అంకుల్ గరాజ్‌కి వెళ్ళాను.

అంకుల్ పనిముట్లన్నీ ఒక చెక్క పలక మీద మేకులకి వేలాడతాయి. ఆపరేషన్ థియేటర్ అలవాటు. ఏది ఎక్కడుండాలో దాని ఆకారం చుట్టూ నల్ల గీత గీశారు. వస్తువు లేకపోతే గీత మిగులుతుంది. ఆ రోజు ఒక పొడుగాటి గీత ఖాళీగా ఉంది. టార్క్ రెంచిది. నట్టు ఎంత బిగించాలో అంత బిగియగానే టిక్‌మని చెప్పే రెంచి అది. అలాంటిది నా దగ్గర లేదు. నట్టు చెప్తే వినాల్సిన ఖర్మ నాకేంటని కొనలేదు.

"అంకుల్, టార్క్ రెంచి ఏదీ?"

"ఎవరో తీసుకున్నారయ్యా."

"ఎవరు?"

"డాక్టర్ని. పేషెంట్ సంగతులు బయటికి చెప్పను."

"రెంచి పేషెంటా?"

"తీసుకెళ్ళినవాళ్ళు పేషెంట్. వేలికి దెబ్బ." అనేసి నాలిక కరుచుకున్నారు. వెంటనే, "నీ టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నావు?" అని నా మీదికి తిప్పారు. నలభై ఏళ్ళ అనుభవం కదా.

"అంకుల్, ఒక్కటే చెప్పండి. నా టూల్స్ ఉంటాయా, పోతాయా?"

"అది మీ ఆవిణ్ణి అడుగు. నేను విట్‌నెస్‌ని మాత్రమే."

ఇక శనివారం దాకా ఆగాను. మామూలుగా శనివారం పొద్దున నేను హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్తాను. అక్కడ గుమ్మంలో ఎవరో ఒకరు విరాళాల కోసం మాంసం కూరిన సాసేజ్‌లు కాలుస్తుంటారు. నేను సాసేజ్ తియ్యమని, ఉత్త ఉల్లిపాయలు బ్రెడ్డులో పెట్టించుకుని తిని, అవసరం లేని బోల్టులు కొనుక్కుని రెండు గంటలకి గానీ ఇల్లు చేరను. మా ఇంట్లో నేరం జరగడానికి అంతకంటే మంచి వేళ లేదు.

"సైకిల్ మీద వెళ్ళొస్తా, ఎక్సర్‌సైజ్," అన్నాను.

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. పదిహేనేళ్ళలో ఆ మాట నా నోటినుంచి రాలేదు. కానీ హెల్మెట్ తెచ్చి చేతికిచ్చింది. తెచ్చివ్వడం చూడండి.

నేను హెల్మెట్ పెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి, సైకిల్ అక్కడ పెట్టి, నడిచి వెనక్కొచ్చి, అంకుల్ వాళ్ళ చెత్త బిన్నుల వెనక కూర్చున్నాను. ఇక్కడొక చిక్కుంది. ఇక్కడ దసరా రోజులంటే వసంతం, అప్పుడు మ్యాగ్‌పై పిట్టలు గూళ్ళు పెట్టి, దారిన పోయేవాళ్ళ నెత్తిన పడి పొడుస్తాయి. అందుకని అందరూ హెల్మెట్‌కి ప్లాస్టిక్ పట్టీలు ముళ్ళలా నిలబెట్టి కట్టుకుంటారు. నేనూ కట్టుకున్నాను. ముళ్ళపందిలా బిన్నుల వెనక నక్కి, నా గరాజ్‌ని నేనే కాపలా కాశాను.

ఐదు నిమిషాలకి గరాజ్ తలుపు మోకాలెత్తు లేచింది. కిందనుంచి నా పాత ట్రాక్ ప్యాంటు కనపడింది. అందులో కాళ్ళు నావి కావు. చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాయి. కాసేపటికి స్పష్టంగా వినపడింది.

టిక్.

కొంచెం ఆగి మళ్ళీ, టిక్. ఒకదాని పక్కది కాదు, ఎదురుది. వరసలో కాకుండా చుక్క ముగ్గు కలిపినట్టు ఇటొకటి అటొకటి బిగిస్తున్నారు. పద్ధతి తెలిసినవాళ్ళే. నేను ఇంకా బాగా చూద్దామని మెడ చాచాను. సరిగ్గా అప్పుడు మ్యాగ్‌పై ఆకాశంలోంచి ఊడిపడి నా చెవి పొడిచింది. పట్టీలన్నీ నెత్తి మీదున్నాయి, చెవికి లేవు. నేను వేసిన కేకకి క్లైడ్ నార్త్‌లో కారు అలారాలన్నీ మోగాయి.

తలుపు పైకి లేచింది. చేతిలో రెంచితో మా ఆవిడ.

"ఏవండీ? బిన్నుల వెనక ఏం చేస్తున్నారు?"

"ఎక్సర్‌సైజ్."

"చెవినుంచి రక్తమొస్తోంది."

"దాని సంగతి తర్వాత. నీ చేతిలో అదేంటి? ఎవరు నేర్పారు? మెకానిక్ ఎక్కడ?"

"మెకానిక్ లేడు, ఎవరూ లేరు. ఇలా వచ్చి కూర్చోండి." నా పనిముట్ల పెట్టె మీదే నన్ను కూర్చోబెట్టి, చెవికి గుడ్డ అదిమింది. "సోమవారం రౌండబౌట్ దగ్గర టక్ టక్‌మని ఒకటే సౌండు. కొత్త ప్యాడ్లు కదా, సెట్ అవుతాయిలే అనుకున్నా. స్టేషన్ కార్‌పార్క్‌లోకి తిరిగేసరికి స్టీరింగ్ వణికింది. దిగి చూశా. అంతా బానే ఉంది, బొట్లు చక్కగా ఉన్నాయి. ఊరికే ఒక నట్టు పట్టుకుని తిప్పా."

"తిరిగిందా?"

"తిరిగింది. ఐదూ తిరిగాయి. వేళ్ళతో."

ఇంతవరకూ నేను రాసినదాంట్లో పావు వంతు తగ్గించి చదువుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఈ మాటలో మాత్రం తగ్గించడానికేమీ లేదు. ఐదూ తిరిగాయి, వేళ్ళతో. నేను పెట్టిన బొట్ల కింద.

అప్పుడు శనివారం పొద్దు మొత్తం కళ్ళ ముందు నడిచింది. నట్లు వేళ్ళతో ఎక్కించడం, వర్జ్యం కేక, జాకీ దించడం. రెంచి పీటెక్కి కూర్చుంది, దానికి సెలవు. ఆ తర్వాత ఇరవై నట్లకీ బొట్లు పెట్టాను. బొట్టు పెట్టామంటే పని ముగిసిందనే కదా మన లెక్క! కలశానికైనా గడపకైనా కొత్త స్కూటరుకైనా, అన్నీ అయ్యాకే కదా బొట్టు. ఆదివారం ఉద్వాసన చెప్పి రెంచి తీసుకుంటూ కారు కేసి చూశాను కూడా. బొట్లు కనపడ్డాయి. పెట్టెలో పెట్టేశాను.

"డిక్కీలో ఉన్న రెంచితో బిగించా. అదొక్కటే కదా పూజకి రానిది. జారి వేలు కొట్టుకుంది. సాయంత్రం అంకుల్ దగ్గర ఇది తెచ్చుకుని కరెక్ట్‌గా చేశా. కొంచెం తిరిగాక మళ్ళీ ఓసారి చెక్ చెయ్యమన్నారు, అందుకే ఈ పూట."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఆ రోజే టూల్స్ తీసి వీధిలో పెట్టేసేవాళ్ళు. పైగా తొందరపెట్టి పిలిచింది నేనే. సగం తప్పు నాది."

నేను లేచి, ఫోను తీసి, పనిముట్ల పెట్టెని ఫొటో తీశాను. అమ్మకానికి కాదు, ఊరికే ఇవ్వడానికి.

మా ఆవిడ ఫోను లాక్కుంది. "మనం అనుకున్నదేంటి? మెకానిక్ చెయ్యి పడితే కదా. పడలేదుగా."

"నీ చెయ్యి పడింది."

"అయితే? నేను మెకానిక్‌నా?"

పద్ధతి తెలిసినవాళ్ళు చేశారని షెడ్డులో మెకానిక్ అన్న మాట గుర్తొచ్చింది. నా ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ మీద గ్రీజు, కణుపు మీద కోలా, చేతిలో టిక్‌మనే రెంచి. "ఏమో," అన్నాను, "నాకు అనుమానంగానే ఉంది."

అప్పటికే అంకుల్ నా కేక విని కోలాల డబ్బాతో రోడ్డు దాటి వస్తున్నారు.

పనిముట్లు నాకు దక్కాయి. భరిణె దక్కలేదు. ఇప్పుడు మా ఇంట్లో నేను ఏం విప్పినా, ఏం బిగించినా దానికి బొట్టు పెట్టే అధికారం మా ఆవిడది. ముందు టిక్ వినాలి, తర్వాతే కుంకుమ. బొట్టు లేని కారు గరాజ్ దాటదు. పండుగ పూట కూడా రెంచి పీటెక్కేముందు ఆవిడే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఇరవై సార్లు టిక్‌మనిపిస్తుందట. దేవుడైనా ఆగాల్సిందే, వర్జ్యం ఉన్నా సరే.

నేను మాత్రం సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోసే వంకన బొట్లు లెక్కపెట్టుకుంటాను. నిన్న ఇరవై ఉన్నాయి. కాకపోతే వెనక కుడి చక్రం మీద ఒకటి కొత్తగా, ఇంకా తడిగా ఉంది. ఆ చక్రం జోలికి నేను ఈ నెలంతా వెళ్ళలేదు. నా పాత ట్రాక్ ప్యాంటు మాత్రం మళ్ళీ గ్రీజుతో ఉతుకులో పడింది.